మామయ్యకు వచ్చిన ఒక్క ఓటు

ఆ శనివారం మధ్యాహ్నం మా ఇంట్లో ఉన్నది అమ్మమ్మ, అమ్మ, ఖంపన్ మామయ్య, వినిత్ మాస్టారు, నేను. నాన్న పోయి మూడేళ్ళయింది కాబట్టి ఆయన్ని లెక్కలోకి తీసుకోలేను. కానీ అందరం ఆయన ఫొటో కిందే కూర్చుని తిన్నాం. మామయ్య అమ్మకు స్వయానా అన్న. ఆయన ఇల్లు మా పెరటికి అవతలే. మాస్టారు మా ఊరి బడిలో అమ్మకూ చదువు చెప్పారు, నాకూ చెప్పారు. పోయినేడే రిటైరయ్యారు.

వీళ్ళలో ముగ్గురు మర్నాడు తాలూకా కేంద్రంలో జరిగే పార్లమెంటు పెద్దల సభ ఎంపికకు అభ్యర్థులుగా వెళ్తున్నారు. అమ్మ వరి రైతుల గుంపులో, మామయ్య తోటలూ చేపల చెరువులూ ఉన్నవాళ్ళ గుంపులో, మాస్టారు ఉపాధ్యాయుల గుంపులో. దరఖాస్తులు పెట్టిన దగ్గర్నుంచి మా ఇంట్లో వేరే మాట లేదు. వానలు మొదలయ్యాయి. చుట్టుపక్కల అందరూ దున్నేశారు. మా పొలం ఒక్కటే మోకాలెత్తు గడ్డితో అలాగే ఉంది. పవర్ టిల్లర్ మామయ్యది. నాన్న పోయినప్పటి నుంచి మా పొలం ఆయనే దున్నుతున్నాడు.

"ఈ ఎంపిక గొడవ అవనివ్వండి. సోమవారం తెల్లారేసరికి మీ పొలంలో ఉంటా," అన్నాడు మామయ్య.

అందుకని సోమవారం త్వరగా రావాలని ఉండేది నాకు. మధ్యలో ఆదివారం లేకపోతే బాగుండుననీ ఉండేది.

అమ్మమ్మ జిగురన్నం బుట్ట మూత తీస్తూ, "నేనూ రావాలా రేపు ఓటెయ్యడానికి?" అని అడిగింది.

"నీకు ఓటు లేదమ్మా," అన్నాడు మామయ్య.

"ఎందుకు లేదూ? ఊరిపెద్దకి వేశాను, ఎంపీకి వేశాను, నీళ్ళ కమిటీకి కూడా వేశాను."

"దీనికి దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళే వెయ్యాలి పెద్దమ్మా," అన్నారు మాస్టారు. "మాలో మేమే వేసుకుంటాం. ముందు ఎవరి గుంపులో వాళ్ళు. అందులో నెగ్గినవాళ్ళు తర్వాత వేరే గుంపులవాళ్ళకి వెయ్యాలి, ఒక్కో గుంపులో ఒక్కరికే. ఏ గుంపులు ఏ గుంపులతో కలిసి ఒక వరసలో పడతాయో అక్కడికక్కడే చీటీ తీస్తారు."

"అంటే పెళ్ళికొచ్చినవాళ్ళందరూ పెళ్ళికొడుకులే అన్నమాట," అంది అమ్మమ్మ. "మరి నేనెవరి కోసం వండినట్టు?"

అందరూ నవ్వారు. అమ్మ మాత్రం నవ్వలేదు.

"మునుపటికన్నా ఇది నయం కాదూ?" అన్నాడు మామయ్య, బొప్పాయి పచ్చడిలో అన్నం ముద్ద అద్దుకుంటూ. "మునుపు సైన్యం వాళ్ళు కూర్చుని రెండువందల యాభై మందిని వేసేశారు. ఇప్పుడు మనలాంటి వాళ్ళం కూడా వెళ్తున్నాం కదా."

"అదేం నయం అన్నయ్యా? ఆ రెండువందల యాభై మందే కదా పోయినేడు జనం గెలిపించినవాణ్ణి గద్దె ఎక్కనివ్వలేదు. ఇప్పుడు కూడా జనానికి ఓటు లేదుగా. అమ్మకి లేదు. ఎదురింటి వాళ్ళకి లేదు."

"ప్రతిదానికీ ఓటేంటే? ఇంటికి పెద్దవాళ్ళుంటారు. వాళ్ళని ఓటేసి తెచ్చుకున్నామా? గెలిచినవాడు నాలుగేళ్ళూ పంచిపెట్టేసి పోతాడు. వాణ్ణి ఆపడానికి పైన ఒకళ్ళుండాలి."

"ఆపేవాణ్ణి ఎవరాపాలి ఖంపన్?" అన్నారు మాస్టారు. "పెద్దల సభలో మూడో వంతు మంది చెయ్యెత్తకపోతే రాజ్యాంగంలో ఒక్క ముక్క మారదు. ఆ సభని మార్చాలన్నా ఆ సభే ఒప్పుకోవాలి. అందుకే కదా మేం లోపలికి వెళ్తున్నది. మారుద్దాం అనేవాళ్ళు లోపలికి చేరితేగానీ అది మారదు."

"లోపలికి వెళ్ళాక అందరూ అదే కుర్చీకి అతుక్కుంటారు మాస్టారూ. మీరైనా అంతే," అన్నాడు మామయ్య.

"నేనెందుకు అతుక్కుంటాను? నాకు మొలలు. ఎక్కువసేపు కూర్చోలేను."

ఈసారి అమ్మ కూడా నవ్వింది. మామయ్యకు నీళ్ళు పొలమారాయి. అలా నవ్వుకుంటూ ఉండగానే భోజనాలు అయిపోయి ఉంటే ఎంత బాగుండేదో.

కానీ మామయ్య వదల్లేదు. అమ్మ వైపు తిరిగాడు. "అయినా ఉరై, నీ గుంపులో బియ్యం మిల్లు హెంగ్ గారు కూడా ఉన్నారు. అలాంటి మనిషి వెళ్తే మన జిల్లా మాట వింటారు. నువ్వు వెళ్ళి ఏం చేస్తావ్?"

"ఆయన వరి రైతా? ఆయన కాళ్ళకి బురద అంటి ఎన్నేళ్ళయింది?"

"మన వడ్లు కొనేది ఆయనే."

"కొనేవాడు రైతైతే, చేపలు తినే పిల్లి జాలరేనా?"

మామయ్య ముఖం ఎర్రబడింది. అమ్మమ్మ అప్పుడే లేచి లోపలికి వెళ్ళి తెల్ల నూలు ఉండ తెచ్చింది. మా వైపు పెద్ద పని మీద వెళ్ళే ఎవరికైనా మణికట్టుకు నూలు కట్టి ప్రాణాన్ని ఒంట్లోనే ఉండమని చెబుతారు. అమ్మమ్మ ముందు మామయ్యకు కట్టింది, తర్వాత అమ్మకు. "ప్రాణమా, అడవికి పోకు, వాగుకి పోకు, ఒంట్లోకి రా," అని గొణిగి, ఇద్దరి చేతులూ వదలకుండా పట్టుకుంది.

"చీటీలో మీ ఇద్దరూ ఒకే వరసలో పడితే ఒకళ్ళకొకళ్ళు వేసుకోవాలి. నాకు మాటివ్వండి. గెలవకపోతే పోయారు. నా కడుపున పుట్టినవాళ్ళు ఇద్దరూ ఒకే గదిలో ఉండి, ఒకళ్ళకి సున్నా వచ్చిందంటే ఊళ్ళో నా ముఖం ఎక్కడ పెట్టుకోను?"

"అలాగేలేమ్మా," అన్నాడు మామయ్య.

"అలాగే," అంది అమ్మ.

తర్వాత నేను ఇంటి వెనక నీళ్ళ బాన దగ్గర గిన్నెలు తోముతున్నాను. అమ్మ చెయ్యి కడుక్కోవడానికి వచ్చింది. వెనకాలే మాస్టారు వచ్చారు. నేనున్నానని వాళ్ళు పట్టించుకోలేదు. నేనుంటే ఎవరూ పట్టించుకోరు.

"మీ అన్నయ్య గుంపులో సాయ్‌జై ఉంది," అన్నారు మాస్టారు. "సభ మొత్తాన్నీ జనమే ఎన్నుకోవాలని ఇన్నేళ్ళుగా ఊరూరా తిరిగి చెప్పిన మనిషి. మన తాలూకా నుంచి తర్వాతి మెట్టైన జిల్లా ఎంపికకి వెళ్ళగలిగేది ఆవిడ ఒక్కతే. మీ గుంపులు కలిస్తే నీ ఓటు ఆవిడకే పడాలి. మనవాళ్ళవి నాలుగైదు ఓట్లకి మించి లేవు. ఒక్కటి జారినా పోతుంది."

"నాకెవరూ వెయ్యరుగా మాస్టారూ?"

"రెండో విడతలో వరి గుంపుకి పడే మనవాళ్ళ ఓట్లన్నీ దక్షిణం ఊరి దావ్ గారికి అనుకున్నాం. నీకు ముందే చెప్పాను. నువ్వు గెలవడానికి కాదు, వెయ్యడానికి వెళ్తున్నావు."

"తెలుసు. సరే మాస్టారూ. సాయ్‌జై అక్కకే వేస్తాను."

అమ్మ తిరిగి చూస్తే నేను కనిపించాను. మాస్టారి వెనక, పెరటి కంచె అవతల, మామయ్య తన బండి దగ్గర నిలబడి మా వైపే చూస్తున్నాడు. ఆయనకు మాటలు వినిపించే దూరం కాదు. కానీ మాస్టారు గుసగుసలాడడం కనిపించే దూరమే.

సాయంత్రం కోళ్ళను గూట్లోకి తోలుతూ అడిగాను. "అమ్మా, మీ గుంపులు కలిస్తే?"

"కలవకపోవచ్చు. ఇరవై గుంపులున్నాయి."

"కలిస్తే?"

"కలవకూడదని దణ్ణం పెట్టుకో," అంది అమ్మ.

పెట్టుకున్నాను.

ఆదివారం పొద్దున్నే ముగ్గురూ మామయ్య పికప్ బండిలో వెళ్ళారు. అమ్మ తను నేసుకున్న పట్టు గుడ్డ కట్టుకుంది. లోపలికి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరని తన ఫోను నాకిచ్చింది. రోజంతా ఆ ఫోను నా చేతిలోనే ఉంది. అది మోగినప్పుడల్లా ఉలిక్కిపడ్డాను. అమ్మ ఫోను నా దగ్గరే ఉంటే అమ్మ నాకెలా చేస్తుందని గుర్తొచ్చేది. ఒకసారి ఎరువుల కొట్టు వాళ్ళు, ఒకసారి పిన్ని, ఒకసారి రాంగ్ నంబరు.

అమ్మమ్మ వక్కాకు నములుతూ మెట్ల మీద కూర్చుంది. "ఇంతసేపా? ఎంపీ ఎన్నికల్లో నేను ఓటేసి వచ్చి గంజి కాచుకునేదాన్ని."

"ముందు గుంపులో, తర్వాత వరసలో, రెండు విడతలు అమ్మమ్మా."

"రెండు విడతలు తోమాల్సినవి గిన్నెలు," అంది. తర్వాత నా వైపు తిరిగింది. "వాళ్ళు వేసుకుంటారు కదే?"

నేను వాన వైపు చూశాను. "ఒకే వరసలో పడితే కదా," అన్నాను.

మా పొలంలో నీళ్ళు గడ్డి మొదళ్ళ దాకా నిలిచాయి. ఇంకో వారం ఆగితే నారు పోసుకునే అదను దాటిపోతుంది. అమ్మ మామయ్యకు వెయ్యకపోతే మామయ్యకు తెలుస్తుంది. ఓట్లు పైకి చదివి అందరి ముందూ బోర్డు మీద గీతలు గీస్తారని మాస్టారు చెప్పారు. తెలిస్తే సోమవారం ఆయన రాడు. వేస్తే మాస్టారికి తెలుస్తుంది. నేను ఎటు తిప్పి చూసినా అమ్మ ఎవరో ఒకరి ముందు తల దించుకోవాల్సిందే. చీటీ దయ తలిస్తే తప్ప.

చీటీ దయ తలచలేదు.

చీకటి పడే ముందు మాస్టారు ఎవరిదో మోటార్‌సైకిల్ మీద అమ్మను దింపారు. ఇద్దరూ తడిసిపోయారు. "లోపలికి రండి మాస్టారూ, టీ తాగి వెళ్ళండి," అని అమ్మమ్మ పిలిచింది.

"వద్దు పెద్దమ్మా," అన్నారాయన. బండి తిప్పుకుని, అమ్మతో మాత్రం ఒక్క మాటన్నారు. "సాయ్‌జైకి ఒక్కటి తక్కువైంది ఉరై." కోపంగా అనలేదు. బడిలో మార్కులు చెప్పినట్టు చెప్పి వెళ్ళిపోయారు.

అమ్మ తడి బట్టలతోనే మెట్టు మీద కూర్చుంది.

"ఏమైంది?" అంది అమ్మమ్మ. "కలిశారా ఒకే వరసలో?"

"కలిశాం."

"వాడికెన్ని వచ్చాయి?"

"ఒకటి."

"నీకు?"

అమ్మ మణికట్టు మీది తడి నూలు తిప్పుతూ కూర్చుంది. అమ్మమ్మ వక్క నమలడం ఆపేసింది.

"సున్నానా?"

"మొదటి విడత బాగానే గట్టెక్కానమ్మా. మా గుంపులో ఆడవాళ్ళు ఇద్దరు వేశారు, నాకు నేను ఒకటి వేసుకున్నాను. రెండో విడతలో మా వరసలో నాకు వెయ్యాల్సినవాడు అన్నయ్య ఒక్కడే. అందరి పేర్లూ చదువుతుంటే నా పేరు ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని చూశాను. పెట్టె బోర్లించి చూపించారు. అయిపోయింది."

"మరి వాడికొచ్చిన ఒకటి?"

"నాదే," అంది అమ్మ. "సాయ్‌జై అక్క నంబరు రాయడానికి పెన్ను పెట్టాను. నువ్వు చెయ్యి పట్టుకున్నట్టే అనిపించింది. అన్నయ్య నంబరు రాసేశాను. ఆవిడ అక్కడే నిలబడి ఉందమ్మా, లెక్కపెడుతున్నంతసేపూ నా వైపు చూసి నవ్వుతూనే ఉంది. నేను వేశాననుకుంది."

అమ్మమ్మ అమ్మ జుట్టులోంచి నీళ్ళు పిండింది. "రానీ వాణ్ణి. నేనడుగుతాను."

"అడగొద్దు." అమ్మ గబుక్కున లేచింది. "ఆ ఒకటి మిల్లు వాళ్ళు వేశారని అనుకుంటున్నాడు. తనకీ మిల్లు వాళ్ళకీ ఏదో ఒప్పందం ఉంది. తను హెంగ్ గారికి వేస్తే వాళ్ళ మనుషులు తనకి వేస్తారని. అలాగే అనుకోనివ్వండి. నేను వేశానని తెలిస్తే అన్నయ్య మళ్ళీ నా ముఖం చూడలేడు. ముఖం చూడలేనివాడు పొలం దున్నడానికి రాడు. నిమ్, విన్నావా? ఒక్క ముక్క కూడా చెప్పొద్దు."

తలూపాను. అమ్మ గదిలోకి వెళ్ళి బట్టలు మార్చుకుంది, కానీ బయటికి రాలేదు.

మామయ్య పికప్ లైట్లు పెరట్లో పడ్డాయి. ఆయన కాల్చిన కోడి పొట్లం పట్టుకుని మెట్లెక్కాడు. నేను ఊహించినట్టు కోపంగా లేడు. హాయిగా ఉన్నాడు. అది చూసి ఇంకా భయమేసింది.

"ఏదమ్మా నీ కూతురు? పడుకుందా? ఉరై! వేడి వేడిగా ఉంది, రా తిందువు గాని."

అమ్మ గది తలుపు తెరుచుకోలేదు.

"అలిగింది," అన్నాడు మామయ్య, చాప మీద కూర్చుని పొట్లం విప్పుతూ. "చూడమ్మా, నేను దాచను. నేను దానికి వెయ్యలేదు. హెంగ్ గారికే వేశాను. ఎందుకంటే అది నాకు వెయ్యదని నాకు ముందే తెలుసు. నిన్న బాన దగ్గర ఆ మాస్టారు దాని చెవిలో ఊదడం నా కళ్ళతో చూశాను. అది మాట తప్పింది, నేనూ తప్పాను. చెల్లుకి చెల్లు. నాకేం కోపం లేదు. రేపు పొద్దున్నే వచ్చి దున్నేస్తా."

అమ్మమ్మ ఇత్తడి గిన్నెలో వక్క ఉమ్మి, పెదాలు బిగపట్టింది. నేను కోడి ముక్కలు పళ్ళెంలో పెడుతున్నాను. ఇంకేముంది, అయిపోయింది అనుకున్నాను. దున్నుతానన్నాడు. రేపు ఈపాటికి మా పొలం కూడా అందరి పొలాల్లాగే నల్లగా ఉంటుంది.

"మిల్లు వాళ్ళే నయం," అన్నాడు మామయ్య, గదికి వినబడేలా గొంతు పెంచి. "పరాయివాళ్ళు. అయినా ఒక్కటైనా వేశారు. మాటంటే అదీ. తోడబుట్టింది మాత్రం అమ్మ చేత్తో కట్టిన నూలు చేతికుండగానే ఎవత్తెకో వేసొచ్చింది. పైగా దేశాన్ని బాగుచేస్తారట! ముందు ఇంట్లో ఇచ్చిన మాట నిలబెట్టుకోమను. పెద్దల సభ తర్వాత మారుద్దువు గాని!"

గది గోడలు పలచటి చెక్కలు. లోపల మంచం కిర్రుమంది.

"నిమ్, నువ్వు మాత్రం మీ అమ్మలా తయారవకు," అన్నాడు మామయ్య నవ్వుతూ, నాకు తొడ ముక్క అందిస్తూ.

నేను అందుకోలేదు.

"ఆ ఒకటి అమ్మదే మామయ్యా."

"నిమ్!" అంది అమ్మమ్మ.

మామయ్య చెయ్యి అలాగే చాచి ఉంది. "ఏది?"

"మీకొచ్చిన ఓటు. అమ్మ వేసింది."

"ఎవరు చెప్పారు నీకు? మీ అమ్మ ఓటు సాయ్‌జైకి పోయింది."

"సాయ్‌జై పెద్దమ్మ ఒక్క ఓటు తేడాతోనే ఓడిపోయింది. మాస్టారు టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు." నా గొంతు నాకే వినబడనంత చిన్నగా ఉంది. కానీ ఆగలేకపోయాను. "మిల్లు వాళ్ళు మీకు వెయ్యలేదు మామయ్యా."

ఆయన అమ్మమ్మ వైపు చూశాడు. నేను చెప్పింది అబద్ధమని అమ్మమ్మ అంటే నమ్మేవాడే. అమ్మమ్మ అనలేదు. ఆయన తొడ ముక్క మళ్ళీ ఆకులో పెట్టి, జిడ్డు వేళ్ళు ఒకదాని తర్వాత ఒకటి ముడుస్తూ కూర్చున్నాడు.

"మా వరసలో మిల్లు మనుషులు ఏడుగురు," అన్నాడు, తనలో తను అనుకుంటున్నట్టు. "మా గుంపులోనే నిలబడ్డ వాళ్ళ తోట మేస్త్రీకి వచ్చినవి..."

ఎన్నో చెప్పలేదు. మిల్లు ఓట్లన్నీ అటే పోయాయని నాకూ అర్థమైంది. ఆయన ముఖం అలా అవడం నేను నాన్న పోయిన రోజు ఒక్కసారే చూశాను.

ఇప్పుడు లేచి మెట్లు దిగి వెళ్ళిపోతాడనుకున్నాను. పికప్ వెళ్ళిపోతుంది, రేపు రాదు, ఎల్లుండీ రాదు, అంతా నావల్లే. అమ్మ చెప్పొద్దంది. అమ్మమ్మ కూడా నోరు మెదపలేదు. నేనే చెప్పాను.

మామయ్య లేచాడు. చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. మెట్ల వైపు వెళ్ళలేదు. అమ్మ గది ముందు నిలబడి, "ఉరై," అన్నాడు. తోసి చూస్తే తలుపు తెరుచుకుంది. లోపల అమ్మ మంచం అంచున కూర్చుని ఉంది. అన్నీ విన్న ముఖం.

అమ్మ నన్ను చూసింది, మామయ్యను కాదు. ఆ చూపుకి నిలవలేక ఏదో చెప్పాలని నేనూ గడప దాకా పరిగెత్తాను. "అమ్మా, నేను కావాలని..."

మామయ్య వెనక్కి తిరిగి, "నువ్వు బయటుండమ్మా, మీ అమ్మతో మాట్లాడాలి," అని నా ముందే తలుపు మూశాడు.